పిండిమర మోటారుతో కరెంటు తీయొచ్చు, ముందు గెడ్డ నీళ్లు కొలువు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పాడేరు దాటి లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊరు, పద్నాలుగు ఇళ్లు. కరెంటు లైను ఉంది గానీ వానాకాలంలో ఎక్కడో ఒక చెట్టు పడితే నాలుగైదు రోజులు చీకటే. ఊరి పక్కన గెడ్డ ఏడాదంతా పారుతుంది, ఒకచోట 20 మీటర్ల దాకా కిందికి దూకుతుంది. మూసేసిన పిండిమర నుంచి 2 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు కొన్నాను. దాన్ని తిప్పితే కరెంటు వస్తుందా? బెల్టు వేసి తిప్పి బల్బు పెట్టి చూశాను, వెలగలేదు. ఒక మెకానిక్ మాత్రం నీళ్లు కూడా అక్కర్లేదు, మోటారుతో ఆల్టర్నేటర్‌ని తిప్పి, ఆ కరెంటునే మళ్లీ మోటారుకి ఇచ్చే సెట్టు చేసిస్తాను, 40 వేలు ఇవ్వమంటున్నాడు. వీడియో కూడా చూపించాడు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 40 వేల సంగతి తేల్చేద్దాం. ఇవ్వొద్దు. అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే రేపే వెళ్లి వెనక్కి అడుగు.

ఎందుకో లెక్కతో చెబుతాను, నువ్వు ఊళ్లో నలుగురికీ చెప్పగలగాలి, లేకపోతే నువ్వు కాదన్నాక అతను పక్క ఊరికి వెళ్తాడు. మంచి స్థితిలో ఉన్న చిన్న మోటారు 100 వాట్లు తీసుకుంటే ఇరుసు మీద ఇచ్చేది 80 వాట్లు అనుకో, మిగతా 20 వేడిగా పోతుంది, కాసేపు నడిచిన మోటారు మీద చెయ్యి పెడితే తగిలేది ఆ వేడే. ఆ 80 తీసుకున్న ఆల్టర్నేటర్ కూడా అంతే వేస్టు చేసి 64 ఇస్తుంది. ఆ 64నే మళ్లీ మోటారుకిస్తే రెండో చుట్టులో 41, మూడో చుట్టులో 26, ఇంక ఆగిపోవడమే, అదీ నువ్వు ఒక్క బల్బు కూడా పెట్టకముందే. మధ్యలో బరువైన చక్రం బిగించి దానివల్ల పవర్ పెరుగుతుందని చెబుతారు. చక్రం కరెంటు పుట్టించదు, నువ్వు తిప్పడానికి పెట్టిన శక్తిని కాసేపు దాచుకుంటుంది. 30 సెంటీమీటర్ల వ్యాసార్థం, 50 కిలోల బరువు ఉన్న నిండు ఇనుప చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే అందులో దాగే శక్తి ఒక కిలోవాట్ హీటరుకి అర నిమిషం కూడా సరిపోదు. వీడియోలో బల్బు వెలుగుతోందంటే బల్ల కిందో గోడ వెనకో ఒక వైరు ఉంది, లేదా బ్యాటరీ ఉంది. మోటారు ఏ రకమైనా, వైండింగ్ ఎంత బాగా చేసినా ఇది మారదు. ఇరవై రెండేళ్లు రివైండింగ్ షాపు నడిపాను, ఇలాంటి సెట్టు కోసం అప్పు చేసి మోసపోయి, ఆ సామాన్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. మోటారుని జనరేటర్‌గా వాడొచ్చా? వాడొచ్చు. రెండూ ఒకే యంత్రం, తేడా అంతా ఎవరు ఎవరిని తోస్తున్నారన్న దాంట్లో ఉంది. 1873లో వియన్నాలో జరిగిన ప్రదర్శనలో గ్రామ్ అనే ఇంజనీరు తయారు చేసిన డైనమో ఒకటి తిరుగుతుంటే, దాని తీగలు ఇంకో డైనమోకి తగిలించగానే ఆ రెండోది తనంతట తాను మోటారులా తిరిగింది. మన దగ్గరే చూడు, శ్రీశైలం ఎడమగట్టు కరెంటు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి, నీళ్లు కిందికి వదిలినప్పుడు అవి జనరేటర్లు, గ్రిడ్‌లో కరెంటు మిగిలినప్పుడు అవే మోటార్లై కింది నీళ్లను మళ్లీ పైకి తోడతాయి. మీ అరకు వైపే తీసుకో. కిరండూల్ నుంచి విశాఖకు ఇనుప ఖనిజం మోసుకొచ్చే లైను శిమిలిగూడ దగ్గర సుమారు 996 మీటర్ల ఎత్తుకి ఎక్కి అక్కడి నుంచి ఘాట్ దిగుతుంది కదా, వ్యాగ్-9 లాంటి త్రీఫేజ్ రైలింజన్లు ఇలాంటి దిగుడులో బ్రేకు వేస్తే బండి బరువే మోటార్లని తిప్పి కరెంటు పైనున్న తీగలోకి తిరిగి ఎక్కుతుంది. ఆ ఇంజన్లో ఉండేవి కూడా నీ పిండిమర మోటారు జాతివే, ఇండక్షన్ మోటార్లే, సైజే తేడా.

మరి నీ బల్బు ఎందుకు వెలగలేదు? నీ మోటారు లోపల అయస్కాంతం లేదు. కరెంటు స్కూటర్లలో ఉండే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారులో, బ్యాటరీతో తిరిగే చిన్న డీసీ మోటార్లలో అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి వాటిని చేత్తో తిప్పినా ఎంతో కొంత వోల్టేజీ వస్తుంది. ఇండక్షన్ మోటారు రోటరు, అంటే లోపల తిరిగే భాగం, ఉత్త ఇనుము, అందులో పోసిన అల్యూమినియం కడ్డీలు, అంతే. లైనుకి తగిలించినప్పుడు లైను నుంచే కరెంటు తీసుకుని తన అయస్కాంతాన్ని తానే తయారు చేసుకుంటుంది. లైను లేనప్పుడు ఆ పని ఇంకెవరో చేయాలి. ఆ పని చేసేది కెపాసిటర్, అంటే కరెంటు చార్జిని దాచుకుని మళ్లీ వదిలే చిన్న డబ్బా.

పాలు తోడు వేయడం తెలుసు కదా. రోటరు ఇనుములో పాత వాడకం వల్ల కాస్త అయస్కాంత గుణం మిగిలిపోయి ఉంటుంది, అది తోడు చుక్క. తిప్పితే దానివల్ల కొద్ది వోల్టులే పుడతాయి, బల్బుకి అవి ఏ మూలకీ సరిపోవు. వైండింగ్‌కి కెపాసిటర్లు బిగిస్తే ఆ కొద్ది వోల్టులు కెపాసిటర్‌లో కరెంటు పారిస్తాయి, ఆ కరెంటు ఇనుముని ఇంకాస్త అయస్కాంతం చేస్తుంది, వోల్టేజీ పెరుగుతుంది, మళ్లీ కరెంటు పెరుగుతుంది, అలా రెండు మూడు సెకన్లలో వోల్టేజీ పైకి లేచి ఇనుము ఇక మోయలేనంత అయ్యాక ఒకచోట నిలబడుతుంది. మోటారు ఏళ్ల తరబడి మూలన పడి ఉండి తోడు చుక్క కూడా మిగలకపోతే, మోటారు ఆపి ఉంచి 12 వోల్టుల బ్యాటరీ రెండు తీగలు రెండు టెర్మినళ్లకి ఒక్క క్షణం తాకించి తీసేయి, మళ్లీ వస్తుంది.

దీన్ని నేను నేర్చుకున్న తీరు నీకు రాకూడదని చెబుతున్నాను. ఒక లిఫ్ట్ పంపు దగ్గర మోటారు చూడ్డానికి వెళ్లాను. మెయిన్ దించేశాం, ఫ్యూజులు పీకి నా జేబులోనే పెట్టుకున్నాను. ఇంక భయమేముందని టెర్మినల్ బాక్సు మూత తీసి చెయ్యి పెట్టాను. వాల్వులు పాడైపోయి పైపులో ఉన్న నీళ్లన్నీ వెనక్కి దిగుతూ పంపుని రివర్సులో తిప్పుతున్నాయి, లైను మీద కరెంటు భారం తగ్గించడానికి (పవర్ ఫ్యాక్టర్ కోసం) పెట్టిన కెపాసిటర్లు మోటారు టెర్మినళ్లకే బిగించి ఉన్నాయి. లైనుతో సంబంధమే లేకుండా ఆ మోటారు నన్ను కొట్టి అవతల పడేసింది. అరచేతిలో మచ్చ ఇప్పటికీ ఉంది. ఇరుసు తిరుగుతూ కెపాసిటర్ తగిలి ఉన్న మోటారు అంటే అది లైవు, స్విచ్ ఎక్కడున్నా సరే. ఆపాక కూడా కెపాసిటర్‌లో చార్జి మిగులుతుంది, రెండు 100 వాట్ల పాత బల్బులు వరసగా కలిపి దాని కాళ్ల మధ్య పెట్టి ఖాళీ చేశాకే ముట్టుకో.

ఇంతదాకా మోటారు గురించి. కానీ నీకు కరెంటు ఇచ్చేది మోటారు కాదు, గెడ్డ. అందరూ మోటారు కొని తర్వాత నీళ్లు చూస్తారు, నువ్వూ అదే చేశావు, పర్లేదు, నీ మోటారు సైజు ఈ పనికి బాగానే కుదిరేలా ఉంది. కానీ ఇంక ఒక్క రూపాయి పెట్టకముందు నీళ్లు కొలువు. వానాకాలంలో కొలిచి మురిసిపోవద్దు, ఏప్రిల్ నెలాఖరులో, మే నెలలో గెడ్డ సన్నబడినప్పుడు కొలువు. రాళ్లు, మట్టి, గోనెసంచులతో చిన్న అడ్డుకట్ట వేసి నీళ్లన్నీ ఒక పైపు ముక్కలోంచి దూకేలా చేసి, 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో చూసుకో. 25 సెకన్లు పడితే సెకనుకి 8 లీటర్లు. మూడు నాలుగు సార్లు చెయ్యి, సగటు తీసుకో. గెడ్డ మొత్తం పైపులోకి మళ్లించకు, కింద పశువులు తాగేవి, పొలాలకి వెళ్లేవి అవే నీళ్లు, కాబట్టి కొలిచినదాంట్లో కొంత వదిలేసి మిగతాదే లెక్కలోకి తీసుకో. ఎత్తు కూడా కంటి అంచనాతో వద్దు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, మేస్త్రీలు లెవెల్ చూసినట్టు, అంచెలంచెలుగా దిగుతూ కొలువు. 20 అనుకున్నది 14 తేలినవి నేను చూశాను.

లెక్క సులువు. సెకనుకి ఎన్ని లీటర్లో దాన్ని ఎత్తు మీటర్లతో గుణించి, దాన్ని 9.81తో గుణిస్తే నీళ్లలో ఉన్న శక్తి వాట్లలో వస్తుంది. నీకు వాడుకోదగ్గవి 8 లీటర్లు, పైపు రాపిడి పోను ఎత్తు 19 మీటర్లు అనుకుంటే సుమారు 1490 వాట్లు. ఇందులో నీ చేతికి అందేది సగం కన్నా తక్కువే, పంపుని టర్బైన్‌గా, అంటే నీళ్ల తోపుతో తిరిగే యంత్రంగా వాడితే 45 శాతం దాకా, అంటే 670 వాట్లు. ఇంతేనా అనుకోకు. గెడ్డ రాత్రీ పగలూ పారుతుంది, 670 వాట్లు 24 గంటలు అంటే రోజుకి 16 యూనిట్లు. పద్నాలుగు ఇళ్లకి మూడేసి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు వేసినా 378 వాట్లే అవుతాయి, ఫోన్ చార్జింగులు, ఒక టీవీ, వీధిలో రెండు దీపాలు కూడా పెట్టుకోవచ్చు. ఫ్రిజ్జు, మిక్సీ, నీళ్ల మోటారు వద్దు. చిన్న మోటారైనా స్టార్టయ్యే క్షణంలో లాగే కరెంటుకి నీ జనరేటర్ వోల్టేజీ కుప్పకూలి ఊరంతా ఆరిపోతుంది.

టర్బైన్ కొనక్కర్లేదు, సెంట్రిఫ్యూగల్ పంపు చాలు. నీళ్లు బయటికి వచ్చే వైపు నుంచి లోపలికి పంపితే ఇంపెల్లర్ (పంపు లోపలి రెక్కల చక్రం) వెనక్కి తిరుగుతుంది, దాని ఇరుసుని నీ మోటారు ఇరుసుకి కప్లింగ్‌తో కలపాలి. రెండు జాగ్రత్తలు. ఇంపెల్లర్ ఇరుసుకి స్క్రూలా తిప్పి బిగించిన రకమైతే వెనక్కి తిరిగినప్పుడు ఊడిపోతుంది, కీ పెట్టి నట్టుతో బిగించినది తీసుకుని ఆ నట్టుకి కూడా లాక్ వేయించు. రెండోది, పంపు ప్లేటు మీద రాసిన హెడ్డు, అంటే అది నీళ్లు తోడగల ఎత్తు, నీ దగ్గరున్న ఎత్తు కన్నా తక్కువ ఉండాలి. టర్బైన్‌లా అదే స్పీడులో తిరగాలంటే పంపుకి దాని సొంత హెడ్డు కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఎత్తు కావాలి, నీళ్లు కూడా ఎక్కువే కావాలి. నీ 19 మీటర్లకి, 8 లీటర్లకి అయితే నిమిషానికి 1440 చుట్ల స్పీడులో 12 మీటర్ల హెడ్డు, సెకనుకి 6 లీటర్ల దగ్గర ఉన్న పంపు వెతుకు. 2880 స్పీడు పంపు తీసుకుంటే నీ మోటారుతో నేరుగా కుదరదు.

ఖర్చులో పెద్ద వాటా పైపుదే, అక్కడ పీనాసితనం చేయకు. 80 మీటర్ల పొడవుకి 4 అంగుళాల పైపు వేస్తే రాపిడిలో పోయేది మీటరు కన్నా తక్కువ ఎత్తు, రెండున్నర అంగుళాలది వేస్తే 5 మీటర్ల పైనే పోతుంది, అంటే నీ ఎత్తులో నాలుగో వంతు పైపే మింగేస్తుంది. పైన నీళ్లు తీసుకునే చోట జల్లెడ పెట్టు, ఆకులు రోజూ తీయాల్సిందే, ఆ పనికి ఊళ్లో ఒకరిని ఒప్పించు. కింద మోటారుని గెడ్డ ఉధృతంగా వచ్చినప్పుడు నీళ్లు ఎక్కే గుర్తు కన్నా బాగా పైన రేకుల షెడ్డులో పెట్టు. అందుకోసం కొంత ఎత్తు వదులుకున్నా ఫర్వాలేదు, జూలైలో మోటారు కొట్టుకుపోవడం కన్నా అదే నయం.

ఇక వైరింగ్. నీ మోటారు ప్లేటు మీద 415 వోల్టులు, స్టార్ కనెక్షన్ (మూడు వైండింగుల ఒక్కో కొస ఒకేచోట కలిపినది) అని ఉండాలి, 2 హెచ్‌పీ వాటికి ఎక్కువగా అంతే ఉంటుంది, అయినా చూసుకో. టెర్మినల్ బాక్సులో ఆరు తీగలు బయటికి వచ్చి ఉంటే లింకులు మార్చి డెల్టా (ఒక వైండింగ్ చివర ఇంకోదాని మొదలుకి కలిపి మూడూ గుండ్రంగా) చెయ్యి, అప్పుడు అదే మోటారు 240 వోల్టుల యంత్రం అవుతుంది, ఇళ్లకి కావాల్సింది అదే. సింగిల్ ఫేజు తీసుకోవడానికి మూడు వైండింగుల్లో ఒకదానికి ఒక వంతు కెపాసిటర్, ఇంకోదానికి దానికి రెట్టింపు, మూడోదానికి ఏమీ పెట్టకూడదు. ఇళ్ల లోడు ఆ ఒక వంతు పెట్టిన వైండింగ్ మీద నుంచి తీయాలి. నీ మోటారుకి 25, 50 మైక్రోఫారడ్‌లతో (కెపాసిటర్ సైజుకి కొలత ఇది) మొదలుపెట్టి వోల్టేజీ చూస్తూ కొంచెం అటూ ఇటూ మార్చుకో. 440 వోల్టుల రన్నింగ్ కెపాసిటర్లే వాడు. స్టార్టింగ్ కెపాసిటర్లు చవగ్గా దొరుకుతాయి, అవి కొన్ని సెకన్ల పనికి చేసినవి, గంటల తరబడి ఉంచితే పగులుతాయి. తిరిగే దిశ కూడా ముఖ్యం. లోడు పెట్టాక మూడు వైండింగుల కరెంటు క్లాంప్ మీటర్‌తో చూడు, దాదాపు సమానంగా ఉంటే సరే, ఒకటి బాగా ఎక్కువ ఉంటే రెట్టింపు కెపాసిటర్‌ని ఆ ఖాళీ వైండింగ్‌కి మార్చు. మోటారుగా 1440 తిరిగేది జనరేటర్‌గా లైను కరెంటులాగే సెకనుకి 50 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటు ఇవ్వాలంటే 1500 దాటాలి, 1560 దగ్గర తిరగాలి. ఇదంతా గెడ్డ దగ్గర మొదటిసారి చేయకు. షాపులో డీజిలింజన్‌కి బెల్టు వేసి తిప్పి, నిజంగా త్రీఫేజ్ మోటార్ల మీద పనిచేసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని, బల్బులు వెలిగించి చూశాకే కొండెక్కించు.

చాలామంది దెబ్బతినేది ఆ తర్వాత, లోడు దగ్గర. లైను కరెంటులా ఇది స్థిరంగా ఉండదు. నీళ్ల తోపు ఎప్పుడూ ఒకటే, నలుగురు లైట్లు ఆర్పితే ఆ తోపు ఎక్కడికీ పోలేక స్పీడు పెరుగుతుంది, వోల్టేజీ పెరుగుతుంది, వెలిగి ఉన్న ఇంట్లో బల్బులు, చార్జర్లు కాలిపోతాయి. దీనికి లోడ్ కంట్రోలర్ అనే పరికరం ఉంటుంది, ఇళ్లలో వాడకం తగ్గినంత మేర మిగిలిన కరెంటుని నీళ్లలో ముంచిన హీటరు కాయిల్‌కి మళ్లించి మొత్తం లోడు ఎప్పుడూ ఒకేలా ఉంచుతుంది. ఇది లేకుండా ఇళ్లకి లైను లాగొద్దు. ఆ హీటరుతో ఊరికి వేడినీళ్లు వస్తాయి, మాఘమాసం చలిలో పిల్లల స్నానాలకి పనికొస్తాయి. వోల్టేజీ హద్దు దాటితే కట్ చేసే రిలే కూడా పెట్టించు. షెడ్డు నుంచి ఊరు 300 మీటర్లు ఉంటే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగలో పూర్తి లోడు మీద సుమారు 13 వోల్టులు పోతాయి, అది తట్టుకోవచ్చు, ఇంకా సన్నం తీగ వద్దు.

చివరిగా ఒక్కటి, దీని దగ్గర మాత్రం నా మాట దాటొద్దు. మీ ఊళ్లో సర్కారు లైను ఉందని రాశావు. నీ కరెంటుని ఇంటి బోర్డులో ఏదో ప్లగ్గుకి ఇచ్చి ఇల్లంతా వెలిగిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అది మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురెక్కుతుంది, అక్కడ 230 వోల్టులు 11 వేల వోల్టులై పైతీగల్లోకి వెళ్తాయి. లైను చచ్చిపోయిందనుకుని వానలో చెట్టు కొమ్మ తీస్తున్న లైన్‌మన్ ఆ తీగ పట్టుకుంటాడు. మీకు కరెంటు తేవడానికి వచ్చినవాడే మీ కరెంటుకి చనిపోతాడు. ప్రతి ఇంటికీ గెడ్డ కరెంటుకి విడిగా వైరు, విడిగా హోల్డర్లు వేయండి, రెండు వైరింగులు ఎక్కడా కలవకూడదు, న్యూట్రల్ కూడా. షెడ్డుకి, మోటారు ఒంటికి మంచి ఎర్తింగ్ చేయించు.

గెడ్డ అడవి హద్దులో ఉంటే ఫారెస్టు వాళ్లతో, ఏదేమైనా గ్రామసభలో ముందే మాట్లాడు. సోలారు, చిన్న జల విద్యుత్తు లాంటివి చూసే సర్కారు సంస్థ నెడ్‌క్యాప్ (ఇప్పుడు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ అంటారు) వాళ్ల జిల్లా ఆఫీసులో కూడా ఒకసారి అడుగు. ఈలోగా మోటారు బేరింగులు మార్పించి, వైండింగ్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టించి, తడి తగలకుండా ఉంచు. మే నెలలో డ్రమ్ము ఎన్ని సెకన్లకి నిండిందో, గొట్టంతో కొలిస్తే ఎత్తు ఎంత తేలిందో, మోటారు ప్లేటు ఫొటోతో పాటు మళ్లీ రాయి, ఏ పంపు కొనాలో అప్పుడు కచ్చితంగా చెబుతాను.